పొర చిరిగితే ఏమనాలి

శ్రావణం, మంగళవారం. పాలు కాచి తోడు పెట్టాను. బట్టలు రెండు విడతలు ఉతికాను, వాన పట్టుకోవడంతో రెండో విడత వరండాలో ఆరేశాను. గ్యాసు బండ మార్పించాను. మినప్పప్పు నానబోశాను. వ్రతానికి ఇత్తడి సామాను తోమి తుడిచాను. పక్కింటి టీచరుగారికి గుడ్డు ఉడకబెట్టాను. అది అలాగే మిగిలింది.

శ్రావణంలో మా ఇంట్లో నీచు ముట్టరు. అందుకని ఆవిడ గుడ్డు కోసం పెరటి వసారాలో చిన్న స్టవ్వు, ఒక గిన్నె విడిగా పెట్టుకున్నాను. గిన్నె దించి గుడ్డును చన్నీళ్ళలో వేస్తుండగా ప్రహరీ గోడ అవతలి నుంచి ఆవిడ కూతురు పిలిచింది.

“అక్కా, ఒకసారి రా. అమ్మ లేవట్లేదు.”

ఆ గొంతులో కంగారు లేదు. కంగారు లేకపోవడం వల్లే నాకు సంగతి అర్థమైంది. చెయ్యి తుడుచుకుని వెళ్ళాను. టీచరుగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. దుప్పటి చెదరలేదు. నిద్రలో పోయారు. వచ్చినవాళ్ళంతా పుణ్యాత్మురాలన్నారు, ఏ బాధా పడలేదన్నారు. ఆవిడ పడిన బాధ ఏమిటో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. కూతురికీ, నాకూ.

ఆవిడ తిరువూరులోనే ఎక్కువ కాలం జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి ఆవిడ పేరుతో పనిలేదు, ‘కప్ప టీచరు’ అంటే చాలు. మా ఆడపడుచు కూడా ఆవిడ దగ్గరే కప్పను కోసి, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదట. నేను ఎ.కొండూరు దగ్గరి పల్లె నుంచి ఇంటరు మధ్యలో పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని. ఆవిడకి శిష్యురాలిని కాలేదు. పక్కింటిదాన్ని మాత్రం అయ్యాను.

ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది. కూతురికి గంపలగూడెం స్కూల్లో ఉద్యోగం. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కితే మళ్ళీ పొద్దుగూకాకే ఇల్లు. పగలంతా టీచరుగారికి తోడు మా గోడే.

మతి సంగతి మొదట కనిపెట్టింది కూతురూ కాదు, నేనూ కాదు. ఆవిడే. పేర్లు జారిపోతున్నాయని గమనించి, పాత పుస్తకాలు దించి, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని వారం రోజులు చదివారు. ఒక రోజు గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“అమ్మాయ్, ఇన్నేళ్ళూ నేనేం చేశానో తెలుసా? మెదడు కుక్కకి వేసి నీళ్ళు నేను తాగాను.”

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. ఎప్పుడో ఒక డాక్టరు కొవ్వు పెరిగింది, పచ్చసొన మానెయ్యండి అన్నాడట. టీచరు కదా, చెప్పింది చెప్పినట్టు చేస్తారు. తెల్లసొన తాను తిని, పచ్చసొన మొత్తం వీధిలో గోధుమరంగు కుక్కకి వేశారు. ఆ పచ్చసొనలో కోలిన్ అనే పోషకం ఉంటుందట. మెదడులో కణాల పొరలు కట్టుకోవడానికీ, చిరిగితే అతుక్కోవడానికీ అది కావాలట.

“ఆ కుక్కని చూడు. ఈ వీధిలో ఎవడు అప్పులవాడో, ఎవడు పోస్టుమానో దానికి తెలుసు. నాకు నిన్న మా చర్చి పాస్టరమ్మగారి పేరు గుర్తు రాలేదు.”

“కుక్కకి మాత్రం పేర్లు వస్తాయా అండీ?”

“రాకపోతేనేం, మొరగాల్సినవాణ్ణి చూసి మొరుగుతుంది. నేనేమో ఎవరో తెలియక అందరికీ నమస్కారం పెట్టేస్తున్నాను. మొన్న మీ పాలవాడు దండం పెట్టించుకుని బిత్తరపోయాడు.”

ఇద్దరం నవ్వుకున్నాం. అదే మా ఇద్దరికీ ఈ విషయంలో చివరి నవ్వు అని అప్పుడు తెలియదు.

కూతురు బెజవాడ తీసుకెళ్ళి చూపించింది. మెదడు కొంచెం ఎండినట్టుందని స్కానింగు ఫొటోలో తేలింది. పచ్చసొన గురించి టీచరుగారే అడిగారట. “రోజుకొకటి తినండి, మీకు ఇబ్బందేం లేదు. కానీ దాన్ని మందనుకోకండి” అన్నాడట డాక్టరు. ఇంటికొచ్చి నాతో అన్నారు. “మందనుకోను. మరమ్మతు చేసే కూలీలకి అన్నం అనుకుంటాను. అన్నం పెడితే పని చేస్తారో లేదో, పెట్టకపోతే మాత్రం చెయ్యరు.” మర్నాటి నుంచి గుడ్డు ఉడకబెట్టే పని నాది.

ఆవిడ సాయంత్రాలు వరండాలో చాపలు పరిచి, చుట్టుపక్కల పదో తరగతి ఆడపిల్లలకు ఊరికే పాఠాలు చెప్పేవారు. రెడ్డిగూడెం వైపు తోటల్లో పనికి వెళ్ళేవాళ్ళ పిల్లలూ, మా వీధి పిల్లలూ ఓ ఐదారుగురు. వాళ్ళకు కణం గురించి ఆవిడ చెప్పిన తీరు ఇవాళ్టికీ నా చెవుల్లో ఉంది.

“ఏమే, మీ నాన్న కాలువ కింద సాగు చేస్తాడు కదా. గట్టుకి గండి పడితే ఏం చేస్తారు?”

“ఇసుక బస్తాలు వేస్తారండి.”

“అదే! కణం చుట్టూ ఉన్న పొరే గట్టు. దానికీ గండ్లు పడతాయి, రోజూ పడతాయి. అప్పుడు లోపలున్న చిన్న చిన్న సంచులు పరుగెత్తుకెళ్ళి గండికి అతుక్కుంటాయి. పూడిపోతుంది. వయసులో ఉన్నప్పుడు గండి పడిందని మనకి తెలియనే తెలియదు. వయసైపోయాక బస్తాలు తక్కువ, పరుగూ తక్కువ.”

“కోలిన్ ఏం చేస్తుందండి మరి?”

“బస్తా కుట్టాలంటే గోనె కావాలి. గోనెకి నార కావాలి. ఆ నారే అనుకో. ఇంకో చిక్కుంది. మెదడులో ఒక కణం ఇంకోదానికి కబురు పంపాలన్నా ఆ నారే కావాలి. నార చాలకపోతే కబుర్ల కోసం మెదడు తన గోనెల్నే విప్పుకుంటుందేమోనని కొందరి అనుమానం. తేలలేదు. అనుమానమే. అలా రాసుకోండి, అనుమానం అని.”

చివరి మాట ఎప్పుడూ వదలరు. తేలింది తేలినట్టు, తేలనిది తేలనట్టు చెప్పాలి. ఆవిడకి అదే మతం, అదే మర్యాద.

ఆవిడ అనే మాట ఇంకొకటుంది. పిల్లలు తప్పు రాసి “పొరపాటండి” అంటే, “చూశారా, పొరపాటులోనే పొర ఉంది. పొర పడితే పొరపాటన్నారు మనవాళ్ళు. పొర చిరిగితే ఏమనాలో మాట పెట్టలేదు” అనేవారు. పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఎందుకంటే అప్పటికే ఆవిడ నాకొక పని అప్పజెప్పారు.

“బీరకాయలు చెక్కుకునే పనేదో ఉంటే సాయంత్రం ఇక్కడికి తెచ్చుకో అమ్మాయ్.”

“ఎందుకండీ?”

“వినడానికి. నేను తప్పు చెప్పినా పిల్లలకి తెలియదు. మా అమ్మాయికి తెలిసినా చెప్పదు, లోపలికెళ్ళి ఏడుస్తుంది. నువ్వయితే బియ్యంలో రాయి ఏరినట్టు ఏరి పారేస్తావు.”

“నాకు సైన్సేం వచ్చండీ?”

“కూర్చుని విను, అదే వస్తుంది. పాఠం తప్పిన రోజున ఇంక ఆపెయ్యమని నా మొహం మీద చెప్పు. మర్యాద చూడకు. పేర్లు పోనీ, దారి పోనీ, అవి నా నష్టం. తప్పు పాఠం పిల్ల బుర్రలోకెక్కితే దానితో ముసలిదయ్యే వరకూ ఉంటుంది. దిద్దడానికి నేనుంటానా? నాకు భయం దీనికే. మాటివ్వు.”

ఇచ్చాను. అప్పటి నుంచి నా సాయంకాలాలు మారిపోయాయి. చేతిలో చిక్కుడుకాయలు, చెవులు మాత్రం ఆవిడ నోటి దగ్గర. ఒక్కో వాక్యం గట్టు దిగి సరిగ్గా అవతలికి చేరిందా లేదా అని చూడటం. ఎవరైనా ఒక మనిషి మాటని అలా కాపలా కాసి ఉంటే వాళ్ళకు తెలుస్తుంది, ఆ పని ఎంత పాడు పనో. తప్పు దొరకకూడదని కోరుకుంటూనే తప్పు కోసం కాచుకుని ఉండాలి.

నిరుడు మామిడికాయల రోజులు వచ్చాయి. రెడ్డిగూడెం నుంచి మావారు ఆవకాయకు కాయలు తెచ్చారు. టీచరుగారి వరండాలోనే గోనె పరిచి తొడిమలు తీస్తున్నాను. తొడిమ విరిచిన చోట నుంచి కారుతోంది.

“దూరంగా కూర్చోండి టీచర్‌గారూ, సొన ఉంది” అన్నాను.

ఆవిడ ముందుకు వంగి, కాయ మీద జారుతున్న సొనను వేలితో తీసి నోట్లో పెట్టుకున్నారు. మళ్ళీ ఇంకో చుక్క. పిల్లలు తేనె నాకినట్టు.

“ఏంటండీ అది! ఉమ్మెయ్యండి!”

“సొన. రోజూ తినమన్నారు కదమ్మా” అన్నారు శాంతంగా.

మామిడి సొన చర్మాన్ని కాలుస్తుందని మా ఊళ్ళో పసిపిల్లకి తెలుసు. ఎందుకు కాలుస్తుందో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన మనిషి ఆవిడ. గుడ్డుదీ సొనే, కాయదీ సొనే. మాట ఒకటే. దాని కిందున్న రెండు వస్తువుల మధ్య గోడ కూలిపోయింది. సాయంత్రానికి పెదవులు వాచి, మూతి చుట్టూ బొబ్బలెక్కాయి. కూతురు వచ్చి మజ్జిగలో గుడ్డ తడిపి అద్దుతుంటే ఆవిడ నన్ను దగ్గరికి పిలిచారు. మాట సరిగ్గా పలకడం లేదు.

“పాఠంలో తప్పానా?”

“లేదండి.”

“అయితే ఇంకా ఉంది.”

ఆ ‘ఇంకా ఉంది’ వర్షాకాలం దాకా వచ్చింది. ఒక సాయంత్రం గండి పాఠమే చెబుతున్నారు. గట్టు, బస్తాలు, నార, అన్నీ వరసగా వచ్చాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు ఆవిడ సుద్దముక్క ఎత్తి, ఎప్పటి గట్టి గొంతుతోనే చెప్పారు.

“కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఏం చెప్పాలి? తెల్లసొన తినాలి. పచ్చసొన కుక్కకి వెయ్యాలి. రాసుకోండి.”

ఆ గొంతులో అనుమానమే లేదు. తరవాత నేర్చుకున్నది కొట్టుకుపోయి, ముందున్న తప్పు మాత్రం రాయిలా నిలబడింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయిన నెల ఇదే పాఠం తలకిందులుగా విన్నవాళ్ళు. అయినా టీచరుగారంటే గౌరవం. తలలు వంచుకుని రాసుకున్నారు. ఒక్కరూ నవ్వలేదు. పెన్నులు కదిలిన ఆ చప్పుడు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

వాళ్ళు వెళ్ళాక చిక్కుడుకాయలు పక్కన పెట్టి చెప్పాను. “టీచర్‌గారూ, ఇవాళ తప్పిందండి.” ఏం తప్పిందో చెప్పాను. ఆవిడ చాలాసేపు సుద్దముక్క వైపు చూశారు. కొంగుతో వేళ్ళు తుడుచుకున్నారు. “మంచి పని చేశావమ్మా. రేపటి నుంచి వద్దు. పిల్లల చేత ఆ వాక్యం కొట్టేయించు” అన్నారు. కొట్టేయించాను. పిల్లల్ని రావద్దన్నాను. అయిపోయిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి ఆవిడ తల దువ్వుకుని, చాపలు పరిచి కూర్చున్నారు.

“పిల్లలింకా రాలేదేంటి అమ్మాయ్?”

మళ్ళీ చెప్పాను. మొదటిసారి విన్నట్టే విన్నారు. ముందు చిరునవ్వు, తరవాత సుద్దముక్క వైపు చూపు, తరవాత కొంగు. “ఎప్పుడు తప్పాను?” “నిన్నండి.” ఆ తరవాతి రోజు మళ్ళీ. “ఎప్పుడు?” “మొన్నండి.” అలా పోయిన వారం, పోయిన నెల.

“అప్పుడే చెప్పలేదేం? మాటిచ్చావు కదా?”

“చెప్పానండి.”

“చెప్పావా?”

ఇచ్చిన మాట ఆవిడకి గుర్తుంది. నిలబెట్టుకున్న సంగతి గుర్తులేదు. ఒకే కబురు, ఒకే చావు కబురు, రోజూ ఒకే మనిషికి కొత్తగా మొయ్యాల్సి వచ్చింది.

కూతురు ఒక సాయంత్రం త్వరగా వచ్చి ఇదంతా విన్నది. నన్ను వాకిట్లోకి పిలిచింది.

“పిల్లలు ఊరెళ్ళారని చెప్తే పోయేదానికి, రోజూ మా అమ్మని ఎందుకక్కా చంపుతావు?”

“మాటిచ్చాను.”

“మాట తీసుకున్న మనిషి లోపలుందా అక్కా?”

ఉన్నదేమో అన్న అనుమానంతోనే వెళ్ళేదాన్ని. అనుమానం అని రాసుకోమన్నది ఆవిడే కదా.

తరవాత జరిగినది నేను అనుకోలేదు. నేను గేటు తీసిన చప్పుడికే ఆవిడ చాప మీద వెనక్కి జరగడం మొదలుపెట్టారు. ఒక రోజు గుడ్డు తీసుకెళితే నా చేతిలోంచి తినలేదు.

“ఎందుకో తెలియదమ్మా. నిన్ను చూస్తే గుండెలో రాయి పడుతోంది. నువ్వు నాకేమైనా చేశావా?”

చెప్పిన మాటలన్నీ చిరుగుల్లోంచి కారిపోయాయి. వాటి వల్ల పుట్టిన నొప్పి మాత్రం కారిపోలేదు. ఏ పొర వెనక నిలబడిందో, ఎలా నిలబడిందో, ఆ సంగతి నాకు చెప్పగలిగిన టీచరు ఆవిడొక్కరే. ఆవిడని అడగలేను.

ఆ రోజు నుంచి వరండా ఎక్కలేదు. గుడ్డు ఉడకబెట్టి గోడ మీద నుంచి కూతురికి అందించేదాన్ని. సాయంత్రాలు కూతురు ఏదో ఒకటి చెప్పి పడుకోబెట్టేది. గోడ ఇవతల నుంచి ఆవిడ గొంతు వింటూ కూరలు తరుక్కునేదాన్ని. క్రమంగా వాక్యాలు పోయి మాటలు మిగిలాయి. మాటలు కూడా పలచబడ్డాయి. రోజూ పచ్చసొన తిన్నారు. తినకపోతే ఇంకా ముందే పోయేదా, తిన్నందుకు కొంతైనా ఆగిందా, నన్నడగకండి. తేలలేదు.

నా సంగతీ చెప్పాలి. ఈ మధ్య పోపు డబ్బా ముందు నిలబడి, చేతిలో ఉన్నది ఏ గింజో తెలిసీ పేరు నోటికి రాక ఆగిపోయాను. మెంతులు. కాసేపటికి వచ్చింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మావారిని అడిగాను.

“నాకు మతి తప్పితే మీరు చెప్తారా?”

“నీకా? ముందు నా కళ్ళజోడెక్కడుందో చెప్పు” అని నవ్వారు. చెప్పాను. ఆయన ఇంకా మాటివ్వలేదు. మీ ఇంట్లో మీకు ఎవరు చెప్తారో ఒకసారి చూసుకోండి. చెప్పేవాళ్ళని ముందే వెతుక్కోవడమే ఆవిడ చేసిన తెలివైన పని. ఆ పని ఎవరికి అప్పజెప్తారో వాళ్ళ మీద జాలి కూడా ఉంచండి.

రేపు పొద్దున పాస్టరుగారు వస్తారు. శవపేటికకి చెప్పి వచ్చారు. కూతురు నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది, నేను చేసినది తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు.

మొన్న ఆదివారం సంగతి రాసి ఆపుతాను. కూతురు ప్రార్థనకు వెళ్తూ, “అమ్మ పక్కన కాసేపు కూర్చో అక్కా, ఇప్పుడేం అనదులే” అంది. భయపడుతూ లోపలికి వెళ్ళాను. టీచరుగారు నన్ను చూశారు. వెనక్కి జరగలేదు. మొహంలో భయం లేదు. ఏమీ లేదు. ఆఖరి గట్టు కూడా పోయిందన్నమాట.

“ఎవరమ్మా?”

“పక్కింటిదాన్నండి.”

“పనేమైనా ఉందా?”

మంచం పక్కన కూర్చున్నాను. చెప్పాలా వద్దా అని ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆవిడ అడిగినది ఇదొక్కటే, తెలివి ఉన్నంత వరకూ అడిగారు.

“మీకొక మాట చెప్పాలండి. ఇంక పాఠం చెప్పకండి టీచర్‌గారూ. తప్పుతోంది.”

ఆవిడ విన్నారు. కొంగు కోసం చెయ్యి వెతకలేదు.

“పిల్లలు తప్పు రాసుకున్నారా?”

“కొట్టేయించానండి. అందరూ సరిగ్గా రాసుకున్నారు.”

“అందరూ?”

“అందరూనండి.”

తల ఊపారు. తరవాత ఎన్నాళ్ళుగానో వినని గొంతుతో, బోర్డు ముందు నిలబడ్డ గొంతుతో, “సరే. సెలవు. తోసుకోకుండా వెళ్ళండి” అన్నారు. గుమ్మం వైపు చూశారు. ఆ గుమ్మంలో ఎవరూ లేరు. ఆవిడ కళ్ళు మాత్రం ఒక్కొక్కరినీ వాకిలి దాకా సాగనంపి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఇంకొకరిని తీసుకుని వెళుతున్నాయి. ఆఖరి పిల్ల మెట్లు దిగి వీధి మలుపు తిరిగే వరకూ చూసి, అప్పుడు కళ్ళు మూసుకున్నారు.

టీచరుగారికి నేను ఇచ్చిన మాట: చెల్లు.